పరీక్షకు పరీక్ష

షంషాబాదులో నివసించువారికి విమానముల చప్పుడు కోడికూత వంటిది. 2008 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము తెరవబడిన నాటినుండి ఆ చప్పుడునకు అలవాటుపడి, మేము దానిని వినుటయే మానితిమి. కాని 2024 జూలై 19వ తేదీన మా మేనల్లుని సాగనంప బోయి, గడప వెలుపలనే గంటలకొలది నిలువవలసి వచ్చినది. లోనికి పోయిన యతడు ఒక చీటి ఛాయాచిత్రమును మాకు ఫోనులో పంపెను. పేరు, విమానసంఖ్య, ఆసనసంఖ్య, అన్నియు కలముతో వ్రాసినవే! యంత్రములు పడిపోగా ఉద్యోగులు చేతివ్రాతకు దిగిరి. ఇంత వైభవము గల కట్టడము ఒక్క పూటలో మా చిన్ననాటి బస్సు టిక్కెట్టు కాలమునకు ఏల మరలెనా యని మేము విస్తుపోతిమి.

మేనల్లుడు ప్రోగ్రాములను పరీక్షించు ఉద్యోగమున నున్నవాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు కారణమును విప్పి చెప్పెను. క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ కంప్యూటరులకు కాపలా యుండు ప్రోగ్రామును చేయును. అది ఆపరేటింగ్ సిస్టము యొక్క గర్భాలయమువంటి కెర్నెల్ అను భాగములో నుండి పనిచేయును. ఆ యుదయము మన కాలమానమున 9 గంటల 39 నిమిషములకు ఆ సంస్థ ఒక చిన్న దస్త్రమును పంపి, 78 నిమిషములలో మరల్చుకొనెను. అంతలోనే 85 లక్షల విండోస్ యంత్రములు కూలెనని మైక్రోసాఫ్టువారి అంచనా.

“తప్పు ఎక్కడున్నది?” అని మేమడిగితిమి.

“ఇరువదియొకటవ గడిలో, మామయ్యా. ఆ ప్రోగ్రాము 21 విలువలు వచ్చునని యెదురుచూచినది. దానికి అందించువాడు 20 మాత్రమే అందించెను. ముందు పరీక్షలన్నిటిలో ఆ కడపటి గడియెదుట ‘ఏదైనను సరియే’ అను గుర్తు పెట్టిరి. ఏదైనను సరియే యనినప్పుడు దానివంక ఎవరు చూతురు? ఆనాటి దస్త్రము నిజముగా దానిని చూడుమన్నది. లేని విలువకై ప్రోగ్రాము తనది కాని చోట చేయిపెట్టెను. సామాన్యమైన ప్రోగ్రామైనచో తానొక్కటే పడును. కెర్నెల్‌లోనిది పడినచో ఇల్లంతయు పడును.”

ఆ గడిలో ఏదో యొక విలువను, అదృష్టవశమున చేతికి దొరికినదానినే, వైచి చూచి యుండినను తప్పు మొదటినాడే బయటపడి యుండెడిది. ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బార్టన్ మిల్లరు ఒక తుపాను రాత్రి ఫోనుతీగపై పనిచేయుచుండగా, వాన అలజడికి తీగలో పిచ్చి అక్షరములు చొరబడి ప్రోగ్రాములు పడిపోయెనట. అతడు విసుగుకొని ఊరకుండక, శిష్యులచేత కావలెననియే యాదృచ్ఛికాక్షరములను పంపించి చూచెను. యూనిక్సు సిస్టములలోని సాధనములలో నూటికి 25 మొదలు 33 వరకు కుప్పకూలెనని 1990లో ప్రకటించెను. క్రౌడ్‌స్ట్రైక్‌వారును ఇకముందు ఇట్టి పరీక్షను చేర్చెదమని చెప్పిరి.

అయినను యాదృచ్ఛికత సర్వరోగనివారిణి కాదు. 32 బిట్ల సంఖ్య యొకటి 429 కోట్లకు పైబడిన విలువలను పొందగలదు. అందొక్కటి మాత్రమే దోషము గలదైనచో దైవవశమున అది తగులుట అరుదు. కావున సున్న, మిక్కిలి చిన్నది, మిక్కిలి పెద్దది, ఇట్టి అంచులను చేతితోనే పెట్టవలెను. మరియు ఏ బీజసంఖ్యనుండి ఆ విలువలు పుట్టెనో వ్రాసికొనవలెను. లేనిచో పడిన ప్రోగ్రామును మరల అట్లే పడవేసి చూచుట సాధ్యము కాదు.

చదువరులారా, ఇది విని మేము నవ్వి యుండవలసినది. కాని తల వంచుకొంటిమి. అంతకు ముందటి సంవత్సరము మా తరగతిలో ప్రతి పరీక్షకు నిండు మార్కులు తెచ్చుకొన్న బాలిక యొకతె, బయటి ప్రవేశపరీక్షలో తప్పినది. తండ్రి మాయొద్దకు వచ్చి, “మరి మీరేసిన మార్కులు ఉత్తయేనా సారూ?” అని యడిగెను. పిల్ల శ్రద్ధ తప్పినదని మేము చెప్పి పంపితిమి. అతడు దానిని నమ్మి, కూతురిని చదువు మాన్పించి కుట్టుమిషను ముందు కూర్చుండబెట్టెను.

సెలవుల పిమ్మట మేము పదములను చీటీలపై వ్రాసి, కుండలో వైచి, పిల్లలచేతనే తీయించితిమి. ‘కవి, ఇంద్రుడు’ అను చీటి వచ్చినది. తరగతిలో మొదటివాడు ‘కవేంద్రుడు’ అనెను! ‘కవీంద్రుడు’ అని యొక్కరును అనలేదు. సవర్ణదీర్ఘమునకు పదునెనిమిదేండ్లుగా ‘రామాలయము’, ‘దేవాలయము’ అను ఉదాహరణములనే చెప్పి, వానినే పరీక్షలో అడిగి, నూటికి నూరు వైచినవారము మేమే. అకారమునకు ఆవలి గడులను మేమెన్నడును ముట్టలేదు.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు చెట్టు ఆకులను కాయలను చూపుమాత్రమున లెక్కచెప్పగా, నలుడు మెచ్చుకొని ఊరకుండలేదు. చెట్టును నరికి లెక్కించి చూచెను. రాజు మాటయైనను పరీక్షకు నిలువవలెనని అతని భావము. మా మాటను మేము అట్లు ఎన్నడు నరికి చూచితిమి?

ఆ సాయంకాలమే ఆ బాలిక యింటికి పోయి, “తప్పు పిల్లది కాదు, మాది” అని తండ్రితో చెప్పితిమి. అతడు చాలసేపు మాటాడలేదు. కుట్టుమిషను మాత్రము ఆగినది. “రేపటినుంచి పంపిస్త సారూ” అని తుదకు అనెను.

ఇప్పుడామె మా యింట సాయంకాలము చదువుకొనుచున్నది. కుండలోని చీటీని తానే తీయును. వికల్పములను, అపవాదములను మేము చేతితో చేర్చుదుము. ఏనాడు ఏ చీటి వచ్చి ఏది తప్పినదో నోటుపుస్తకమున వ్రాసికొందుము. మార్కులు మునుపటికన్న తగ్గినవి. ఈ మార్కులను తండ్రికి చూపుటకు మాకు సిగ్గు లేదు.