సైదులు పేరు, పువ్వు గుర్తు

2024 మే నెల. లోక్‌సభ ఎలక్షన్లకు ఇంకో వారం ఉందనగా మా ఖాలా గోడ మీది పోస్టర్ చూపించి అడిగింది. "ఏ కౌన్ హై రే? నామ్ తో అప్నే సైదులు బాబా కా, పార్టీ ఫూల్ కీ. క్యా మాజ్రా?"

పోస్టర్ మీద ఉన్నది శానంపూడి సైదిరెడ్డి. 2019 అక్టోబర్‌లో మా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో కారు గుర్తు మీద 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచినాయన. 2024లో బీజేపీలోకి వెళ్లి నల్లగొండ లోక్‌సభకు నిలబడ్డారు. నాయకులు పార్టీలు మారడం ఖాలాకు కొత్త కాదు. ఆమెను పరేషాన్ చేసింది పేరు.

మా ఇలాఖా బయటివాళ్లకు ఈ పేరు సంగతి చెప్పాలి. జాన్‌పహాడ్ దర్గా మాకు దగ్గర్లోనే ఉంది. ఇప్పుడది పాలకీడు మండలం. 2016లో కొత్త మండలాలు రాకముందు మా నేరేడుచర్ల మండలంలోనే ఉండేది. జనవరిలో ఉర్సు. గంధం రోజు బండ్లు పెట్టుకోవడానికి జాగా దొరకదు. వచ్చేవాళ్లలో మనకంటే హిందువులే ఎక్కువ. పిల్లలు లేనివాళ్లు, పుట్టినా దక్కనివాళ్లు అక్కడ మొక్కుకుంటారు. బిడ్డ పుడితే కందూరు చేసి, సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకుంటారు. అట్లా రెడ్ల ఇళ్లలో, గొల్లల ఇళ్లలో, మాదిగ ఇళ్లలో, తండాల్లో సైదయ్యలు, సైదులు, సైదిరెడ్లు. మా వైపు వోటర్ల లిస్టు చేతికిచ్చి, పేరు చూసి మజ్‌హబ్ చెప్పమంటే తహసీల్దార్ ఆఫీసువాళ్లు కూడా తడబడతారు.

"ఎవరి పేరైతే ఏంది ఖాలా, ఆ పార్టీ ఏం చేస్తానంటుందో చూడు" అన్నాను. ఏం చేస్తానంటుందో ఆమెకూ తెలుసు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా వచ్చి, తెలంగాణలో తాము గెలిస్తే ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామని చెప్పి వెళ్లారు. ఆ నాలుగు శాతం మీదే ఖాలా మనవరాలు ఇంజనీరింగ్ చదివింది. దర్గా పేరు ఆ సీటును కాపాడదు.

మరి ఆ నాలుగు శాతం తెచ్చిందెవరు? వై.ఎస్. రాజశేఖరరెడ్డి. ఇంట్లో బైబిల్ చదివే ఖాందాన్. ఆయన హుకూమత్ రెండుసార్లు ఐదు శాతం ఇవ్వబోతే హైకోర్టు రెండుసార్లూ కొట్టేసింది. మూడోసారి, 2007లో, వెనకబడిన ముస్లిం బిరాదరీల వరకే బీసీ-ఈ అని నాలుగు శాతం చట్టం తెచ్చారు. 2010లో హైకోర్టు దాన్నీ కాదంటే సుప్రీంకోర్టు స్టే మీద ఇప్పటిదాకా నడుస్తోంది. ఆయన మజ్‌హబ్ ఏమిటని సర్టిఫికెట్ కోసం మండలాఫీసు లైన్లో నిలబడ్డ ఒక్క అమ్మ అయినా అడిగిందా?

అదే ఇంటి కొడుకును 2024 సెప్టెంబర్‌లో అడిగారు. లడ్డూ నెయ్యి గొడవ నడుస్తుండగా జగన్ తిరుమల వెళ్తానన్నారు. హిందువు కానివాళ్లు సంతకం చేసే డిక్లరేషన్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు. 27న ఆయన ప్రయాణమే మానుకున్నారు. నాలుగు గోడల మధ్య బైబిల్ చదువుతాను, నా మతం మానవత్వం, అదే రాసుకోండి అన్నారు. నేనొకటి ఒప్పుకుంటాను. గుడికి ఒక కాయిదా ఉంటే అది గుడివాళ్ల సంగతి. మన దర్గాలకూ మసీదులకూ అదబ్ లేదా? కానీ ఆ వారమంతా టీవీల్లో నడిచింది గుడి కాయిదా ఒక్కటే కాదు. ఆ ఇంట్లో పుట్టినవాడు ఈ రాష్ట్రాన్ని ఎట్లా ఏలతాడని కూడా నడిచింది. మన వాట్సాప్ గ్రూపుల్లో కొందరు నవ్వే బొమ్మలు పెట్టి తమాషా చూశారు. రేపు అదే సవాల్ మన గడప దగ్గరికి వస్తే ఎట్లా ఉంటుందో ఎవరికీ ఖయాల్ రాలేదు.

ఖాందాన్ చూడొద్దంటే జమాత్ పెద్దలు నన్ను ఒక మాట అడుగుతారు. జాయజ్ మాటే. "అయితే నుమాయిందగీ అడగొద్దా?" 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి హుకూమత్ వచ్చినప్పుడు కాంగ్రెస్‌కు ఒక్క ముస్లిం ఎమ్మెల్యే లేడు. షబ్బీర్ అలీ నిజామాబాద్‌లో, అజహరుద్దీన్ జూబ్లీహిల్స్‌లో ఓడారు. అజహర్ వజీర్‌గా హలఫ్ తీసుకునేదాకా, అంటే 2025 అక్టోబర్ 31 దాకా, కేబినెట్‌లో మనవాళ్లు లేరు. ఆ రోజు నేనూ ఖుష్ అయ్యాను. మేజా మీద ఫైలు కదిలేటప్పుడు మన గల్లీ తెలిసినవాడు ఒకడుండాలనుకోవడం గునాహ్ కాదు. అయితే నుమాయిందగీ అడగడం వేరు, నిలబడ్డవాడి నానీ ఎవరు, దాదా ఎవరు అని తవ్వడం వేరు. ఈ రెంటి మధ్య గీత సన్నం. నేనే దాన్ని తొక్కినవాణ్ని, ఆ సంగతి కింద చెప్తాను.

ఖాందాన్ తవ్వేవాళ్లు మన దీన్‌ను సాక్ష్యం తెచ్చుకోవడం నాకు వింతగా ఉంటుంది. ఇబ్రహీం అలైహిస్సలాం తండ్రి ఆజర్ బుతులు కొలిచినవాడు. నూహ్ అలైహిస్సలాం కొడుకు కిస్తీ ఎక్కక మునిగిపోయాడు. మూసా అలైహిస్సలాం పెరిగింది ఫిరౌన్ ఇంట్లో. అబూ జహల్ కొడుకు ఇక్రిమా సహాబీ అయ్యారు. ఇవి మక్తబ్‌లో అలిఫ్ బే తర్వాత చెప్పే కిస్సాలు. ఎలక్షన్ రాగానే అన్నీ మరిచిపోతాం.

కానూన్ కూడా ఇదే అంటుంది, కాస్త పొడిగా. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం మజ్‌హబ్ పేరుతో వోటు అడగడం అవినీతి. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల బెంచ్, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపు అయి, ఉమ్మీద్వార్ మజ్‌హబే కాదు, వోటర్ మజ్‌హబ్ చూపించి అడిగినా తప్పేనని తేల్చింది. రిపోర్టర్‌గా ఎన్ని అఫిడవిట్లు చదివానో. కేసులు, అప్పులు, బంగారం, చదువు అన్నీ ఉంటాయి, మజ్‌హబ్ ఖానా ఉండదు. కానీ ఈ కానూన్ మైకులో మాట్లాడేవాళ్లకు. ఇషా నమాజ్ తర్వాత అరుగు మీద గుసగుసలాడేవాళ్లను ఏ కమిషన్ పట్టుకుంటుంది?

ఆ అరుగు మీద నేనూ కూర్చున్నాను. నేరేడుచర్ల ఇంకా గ్రామ పంచాయతీగా ఉన్న రోజులు. మా వార్డుకు మన మోహల్లా ఆడబిడ్డ ఒకామె నిలబడింది. కుట్టుమిషన్ మీద బతికేది. గల్లీలో ముసలివాళ్లందరి పెన్షన్ కాగితాలు ఆమే నింపేది, మా అమ్మీవి కూడా. ఆమె తండ్రి మనవాడు. తల్లి నికాహ్‌కు ముందు హిందువుల బిడ్డ. అరుగు మీద ఎవరో అన్నారు, "వాళ్లింట్లో ఈద్ కూడా ఉంటది, దసరా కూడా ఉంటది." ఇంకొకరు, "ఆధా ఇధర్, ఆధా ఉధర్." నేను ఏమీ అనలేదు. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చేస్తానంటే "నీకు తెలుగెందుకు?" అని ఇటువాళ్లు, "నీకు తెలుగొస్తదా?" అని అటువాళ్లు అడిగినప్పుడు ఎంత మండిందో నాకు యాదుంది. అయినా ఏమీ అనలేదు. పోలింగ్ రోజు పోయి, పక్కా ఖాందాన్ అని పేరున్న రెండో ఆయనకు గుద్దాను. వోటు అమానత్ అని, షహాదత్ అని రాసేవాణ్ని నేనే. ఆమె పదకొండు వోట్లతో ఓడింది.

గెలిచినాయన చెడ్డవాడేం కాదు. సీసీ రోడ్డు మాత్రం ముందు తన ఇంటి ముందే వేసుకున్నాడు.

మొన్న ఆమె ఫోన్ చేసింది. గల్లీలో మోరీ నిండి నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి, పేపర్లో వేయమని. పోయాను, ఫోటోలు తీశాను. ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. గోడకు ఒకవైపు కాబా ఫోటో, దాని పక్కనే జాన్‌పహాడ్ దర్గా ఫోటో. పాత ముచ్చట్లు నడుస్తుండగా నవ్వుతూ అంది, "భాయీ, ఆ రోజు మన గల్లీలో నాకేసింది మీరు నలుగురైదుగురే అనుకుంటా."

నేను హౌ అనలేదు, నై అనలేదు. న్యూస్ ఎల్లుండి వస్తుందని చెప్పి బండి స్టార్ట్ చేశాను.