మాగిన ఆకు



ఈ వారం హాస్టల్ రోజుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. సంక్రాంతికి ఉండి వెళ్ళి అక్కడ ఒక చుట్ట కాల్చి వచ్చాను. ముందు దాని సంగతి చెప్పాలి.

మా పేట కుర్రాడొకడు, నాకు తమ్ముడి వరస, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి వస్తూ నాకోసం ఒకే ఒక్క సిగార్ తెచ్చాడు. "పద్నాలుగు డాలర్లన్నా, నిదానంగా కాల్చు" అన్నాడు. నాకు అలవాటు లేదు. మామ్మ పోయాక పొగాకు ముట్టనని ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఆ ఒట్టు తప్పాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మేనత్త ఇంటి వెనక కాలువ గట్టు మీద కుర్చీ వేసుకున్నాను. సిగార్ పొడవు అయిదంగుళాలు. లావుకి వాళ్ళ లెక్క వేరు. అంగుళాన్ని 64 భాగాలు చేసి, అందులో ఎన్ని భాగాలో చెబుతారు. ఇది 50. రంగు మాడిన బెల్లం పాకం రంగు. ఇలాంటి నల్ల పైఆకుని మదురో అంటారు. స్పానిష్ మాట, మాగినదని అర్థం. ఆ ఆకు పుట్టుకతో నలుపు కాదు. మందపాటి ఆకుని ఆరబెట్టి, తడి చేసి, గుట్టలుగా పేర్చి నెలల తరబడి మాగబెడతారు. గుట్ట లోపల వేడి పుడుతుంది, అమ్మోనియా బయటికి పోతుంది, ఆకు నల్లబడి కరుకుదనం తగ్గుతుంది. నా చేతిలోది కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్. ఎండలో పెరుగుతుంది. అదే కనెక్టికట్‌లో గుడ్డ పందిళ్ళ కింద నీడలో పెంచే ఆకు ఇంకొకటుంది, అది పల్చగా, లేత రంగులో ఉంటుంది. (పోలికలు నేను చెప్పను, మీరే చూసుకోండి.)

పద్ధతి ప్రకారమే కాల్చాను. కొస కత్తిరించి, మంటకి తగలకుండా కాస్త ఎడంగా తిప్పుతూ ముట్టించి, నిమిషానికొక దమ్ము. పొగ గుండెల్లోకి పీల్చకూడదు, నోట్లో తిప్పి వదిలెయ్యాలి, అప్పుడప్పుడూ కొంచెం ముక్కులోంచి పంపాలి. మొదట మిరియం ఘాటు. తర్వాత మాడిన కాఫీ గింజ. పెదవికి పైఆకు తగిలినచోట తాటిబెల్లం లాంటి తీపి. బూడిద తెల్లగా, గట్టిగా, అంగుళం దాకా రాలకుండా నిలబడింది. దమ్ము మాత్రం కొంచెం బిగువు, ఒక పక్క వెనకబడి కాలింది. సిగార్ సమీక్షకులు నూటికి మార్కులేస్తారు. పేపర్లు దిద్దే అలవాటుకొద్దీ నేనూ 88 వేశాను.

సగానికి వచ్చేసరికి అసలు వాసన మొదలైంది. సమీక్షల్లో ఆ వాసనకి మూడు మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి: ఎర్త్, లెదర్, బార్న్‌యార్డ్. అంటే మట్టి, తోలు, పశువుల పాక. మూడూ పొగడ్తలే. ఎక్కువ ఉన్నకొద్దీ సరుకు గొప్పది.

ఆ మూడు వాసనల మధ్యే నేను పుట్టాను. తాత నడిపిన ఆఖరి లంద నాకు గుర్తుంది. సున్నం, తంగేడు చెక్క, నానుతున్న తోలు, ముక్కు అదిరిపోయే ఘాటు. ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకుని లేస్తే, మాస్టారు వాణ్ణి ఏమీ అనలేదు. నన్ను తీసుకెళ్ళి కిటికీ పక్కన, వెనక బెంచీలో కూర్చోబెట్టారు. గాలి తగులుతుందన్నారు. ఎవరికి తగలడానికో చెప్పలేదు. ఇప్పుడదే వాసనకి నేను మార్కులేస్తున్నాను.

అంతకంటే చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది. మామ్మ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. బయటివాళ్ళకి అదొక వింత. నాట్లలో రెండు చేతులూ బురదలో ఉంటాయి, నెత్తిన వాన ఉంటుంది. నిప్పు నోట్లో ఉంటే ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది. మామ్మ ఇంకో కారణం కూడా చెప్పేది: "ఆసామికి నిప్పు కనపడకూడదురా." నిప్పు అడిగినా చేతికిచ్చేవాళ్ళు కాదట, నేల మీద పడేసేవాళ్ళు. అందుకని ఒకసారి ముట్టిస్తే ఆరనిచ్చేది కాదు.

నేను ఎమ్మే చదివేటప్పుడు నాన్నతో కలిసి హాస్టల్‌కి వచ్చింది. ఆ వారం మాకు క్లాసులో కన్యాశుల్కం. గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పిన ముచ్చటకి క్లాసంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ సాయంత్రం మామ్మ గేటు పక్కన చెట్టుకింద కూర్చుని కాల్చుకుంటోంది. మావాళ్ళు ఆగి చూశారు. ఒకడు "ఎవర్రా ఆవిడ?" అన్నాడు. "మా ఊరావిడ" అన్నాను. మామ్మకి చెవులు బాగానే వినపడేవి. బస్సెక్కేటప్పుడు నా చేతిలో యాభై రూపాయలు పెట్టింది, ఇంకేమీ అనలేదు.

నాలుగేళ్ళకి అంగిలి క్యాన్సర్‌తో పోయింది. అడ్డచుట్టకీ అంగిలి మచ్చలకీ ఉన్న సంబంధం వైద్యులకి ఎప్పట్నించో తెలుసు. పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల్ని పరీక్షించి 1971లోనే ప్రచురించింది. ఆ కబురు మా పేట దాకా రాలేదు. కాబట్టి ఇది చదివి ఎవరైనా సిగార్ మీద మోజు పడితే నాకు ఫోన్ చెయ్యండి, తిడతాను.

గట్టు మీద ఇవన్నీ తలుచుకుంటూ ఉండగా వాసన పట్టుకుని అత్త వచ్చింది. డెబ్బై దాటింది. మామ్మ పోయాక అడ్డంగా కాల్చడం మానేసింది గానీ చుట్ట మానలేదు.

"ఏ ఆకురా అబ్బాయ్ అది? లంకాకు కాదే?"

లంకాకు అంటే గోదావరి లంకల్లో, వరద వేసిన ఒండ్రులో పండే చుట్టపొగాకు. దాని పేరు లండన్ దాకా పాకింది. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ నూట నలభై రకాల పొగాకుల బూడిదల మీద పుస్తకం రాశానని గొప్పలు పోతూ, ఉదాహరణకి చెప్పింది మన లంక చుట్టనే. అత్తకి బూడిద దాకా అక్కర్లేదు, వాసన చాలు. వయసులో ఉండగా ప్రతి ఏడూ కొవ్వూరు దగ్గర లంకల్లోకి పనికెళ్ళేది. తలలు తుంచడం, పిలకలు తియ్యడం. చేతులకి నల్లటి జిగురు పట్టి, ఎంత తోమినా అన్నం ముద్ద చేదుగా ఉండేదట.

సిగార్ తీసుకుని రెండు వేళ్ళతో నొక్కి చూసింది. "పదును బాగుంది. పైఆకులో ఈనె ముక్క కూడా లేదు." ఒక దమ్ము లాగి కాసేపు నోట్లోనే ఉంచింది. "బాగా మాగేసిన ఆకురా. గొంతు పట్టట్లేదు."

మదురో అంటే అర్థమేంటో నేను ఇంకా చెప్పనేలేదు.

ఇంకో దమ్ము. "మెత్తగా ఉంది. మా నోళ్ళకి చాలదు. ఎంతేటి?"

"వెయ్యి రూపాయల పైమాటే అత్తా."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. చుట్టని అటూ ఇటూ తిప్పి, చుట్టు వేసిన తీరంతా వేలితో తడిమింది. "మంచి చెయ్యి. ఆడమనిషి చెయ్యే అయ్యుంటది. దీన్ని చుట్టినందుకు ఆవిడకెంతిచ్చారంట?"

తమ్ముడికి ఫోన్ చేశాను. నికరాగువాలో చుట్టారని తెలుసు గానీ కూలి సంగతి వాడికీ తెలీదు.

"అన్ని పుస్తకాలు చదివావు, అది కనుక్కోలేదా?" అంది అత్త. నిప్పుని మట్టిలో పొడిచి ఆర్పి, మిగతా ముక్క చెంగున ముడేసుకుంది. సిగార్ మీద ఉన్న బంగారు రంగు కాగితపు పట్టీ ఆమె మనవరాలు ఉంగరంలా వేలికి తొడుక్కుని, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా తియ్యలేదు.