పందెం లేని ముక్కలు

మే 18, 2025, ఆదివారం

వేట నిషేధం సగం దాటింది. జూన్ 14 దాకా పడవలన్నీ ఒడ్డు మీదే. సరుగుడు తోపులో పొద్దున్న వలలు బాగుచేసుకోవడం, ఎండెక్కాక పేకాట. నాన్నా వాళ్ళది పదమూడు ముక్కల రమ్మీ. ఓడినవాడు అందరికీ టీలు పోయించాలి.

అప్ప కొడుకు బుజ్జిగాడు వేసవి సెలవులకి వచ్చాడు. వాడి సంచిలో బట్టల కన్నా పోకేమాన్ కార్డులే ఎక్కువ. కిరాణా కొట్టులో పది రూపాయల ప్యాకెట్లు. బంగారు రంగు పూత, వెలిసిపోయిన నీలం వీపు, అక్షరదోషాలు. టార్చి వెనక పెడితే వెలుగు ఇటు కనిపిస్తుంది. అసలు కార్డు మధ్యలో నల్లటి పొర ఉంటుంది, వెలుగుని అంతగా రానివ్వదు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. చెప్పి ఏం లాభం, వాడికి బంగారు పికాచూ బంగారమే.

సాయంత్రం ఏడుస్తూ వచ్చాడు. వీధి గుంటలు ఇద్దరిద్దరుగా చెరో కార్డు తిరగేస్తారు, పెద్ద అంకె ఉన్నవాడు రెండూ పట్టుకుపోతాడు. పికాచూ పోయింది. మేం చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులతో ఇదే ఆట ఆడేవాళ్ళం. గ్రేట్ ఖలీ చేతికొస్తే ఎత్తు అడిగితే చాలు, దాదాపు గెలిచినట్టే. బుర్రతో పనిలేదు. ఎవరి చేతికి ఏ ముక్క వచ్చిందన్నదే ఆట.

మే 21, బుధవారం

విశాఖలో ఒకటో తారీఖున పోకేమాన్ కార్డుల టోర్నీ ఉందని పాత రూమ్మేట్ కబురు పెట్టాడు. కాలేజీలో నాకీ ఆట నేర్పినవాడు వాడే. ఎంట్రీ ఫీజు 400. గెలిచినవాళ్ళకి డబ్బు ఇవ్వరు, కార్డు ప్యాకెట్లు ఇస్తారు.

అమ్మకి చెబితే ఒకటే మాట. "పేకాటకి బస్సు చార్జీలెట్టుకుని మరీ ఎల్తావేట్రా?"

పేకాట కాదే, కార్డులే గానీ వేరే ఆట అన్నాను. నాన్న వల సూది ఆపి అడిగాడు.

"గెలిస్తే డబ్బులేవీ రావా?"

"రావు."

"పందెం నేని ఆట ఉప్పు నేని పులుసురా. నోట్లోకెలా ఎల్తాది?"

నౌపడ ఉప్పు మడుల పక్కన పుట్టి పెరిగినవాడు ఇంకేమంటాడు. నాకూ వెంటనే జవాబు తోచలేదు. అమ్మ మాత్రం చార్జీలకని 500 తీసి ఇచ్చింది. మొన్న ఏప్రిల్‌లో వచ్చిన ప్రభుత్వం 20 వేలలో ఇంజను బాగుచేయించగా మిగిలిన దాంట్లోది.

మే 25, ఆదివారం

డెక్ ముందేసుకుని కూర్చున్నాను. సరిగ్గా అరవై కార్డులు ఉండాలి, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. బేసిక్ ఎనర్జీ తప్ప ఏ పేరు కార్డూ నాలుగుకి మించకూడదు. నాది చారిజార్డ్ ఈఎక్స్ డెక్. ఏప్రిల్‌లో ఎఫ్ గుర్తు కార్డులన్నిటినీ టోర్నీల నుంచి తీసేశారు. దాంతో నా రోటమ్ వీ పోయింది, ఇంకొన్ని పోయాయి. చూస్తే డెక్‌లో నేరుగా బల్ల మీద పెట్టగలిగే బేసిక్ పోకేమాన్‌లు ఎనిమిదే మిగిలాయి.

మొదట ఏడు కార్డులు తీస్తాం. అందులో ఒక్క బేసిక్ అయినా లేకపోతే చేయి చూపించి, అన్నీ డెక్‌లో కలిపి, మళ్ళీ తీయాలి. అలా అయిన ప్రతిసారీ ఎదుటివాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. లెక్క కట్టాను. అరవైలో ఎనిమిది బేసిక్‌లుంటే ఏడు కార్డుల్లో ఒక్కటీ రాకపోవడానికి అవకాశం నూటికి 35. పన్నెండు చేస్తే 19. నాలుగు కార్డుల తేడాతో దురదృష్టం దాదాపు సగానికి దిగింది. బ్యాంకు పరీక్షల పుస్తకంలో ఎర్ర బంతులు, నీలం బంతులు అంటూ ఏడిపించే లెక్క ఇదే. ఇక్కడ మాత్రం నిద్ర రాలేదు.

ఆ నాలుగింటికి చోటు కావాలంటే నాలుగు తీయాలి. నాకు ఇష్టమైనవే తీయాల్సొచ్చింది. ఒక్కసారి పనికొచ్చి వంద చప్పట్లు కొట్టించే కార్డులు. రోజూ పనికొచ్చేవి చూడ్డానికి బాగోవు.

బుజ్జిగాడు పక్కనే కూర్చుని, "మామా, ఇవన్నీ ఎందుకు, చారిజార్డులే అరవై పెట్టీ" అన్నాడు. చారిజార్డ్ నేరుగా బల్ల మీదికి రాదురా అని చెప్పాను. ముందు చార్మాండర్, తర్వాత చార్మీలియన్, ఆ తర్వాత అది. రేర్ క్యాండీ ఉంటే మధ్య మెట్టు దాటేయొచ్చు. వాడికి నచ్చలేదు. పెద్దది ఉన్నాక చిన్నదెందుకని వాడి బాధ.

మే 29, గురువారం

నాన్న మాట నన్ను వదలడం లేదు. గ్రూప్స్ చదువులో తగిలిన ఒక కేసు తీసి మళ్ళీ చూశాను. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె.సత్యనారాయణకీ మధ్య ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో కోర్టు చెప్పిందేమిటంటే, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది పడేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా అది నైపుణ్యం ఉన్న ఆట. మూడు ముక్కలాట అలాంటిది కాదు. అయితే పందాల మీద క్లబ్బు లాభం తింటే అది వేరే సంగతి అని కూడా అంది. 2020లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించింది.

కార్డులు సేకరించి డెక్ కట్టుకుని ఆడే ఈ పద్ధతికి ఆద్యుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితం చదివినాయన. 1993లో ఆయన తెచ్చిన మ్యాజిక్ ఆటలో మొదట్లో పందెం నియమం ఉండేది. ఇద్దరూ డెక్ నుంచి చెరో కార్డు పక్కన పెడతారు, గెలిచినవాడు రెండూ ఉంచుకుంటాడు. అచ్చం మా వీధి గుంటల ఆటే. తర్వాత దాన్ని వదిలేశారు. 1996లో జపాన్‌లో వచ్చిన పోకేమాన్ కార్డుల్లో ఆరు ప్రైజు కార్డులుంటాయి. కానీ అవి మన డెక్‌లోవే. ఎదుటి పోకేమాన్‌ని పడగొట్టినప్పుడల్లా మన ప్రైజు మనమే తీసుకుంటాం. ఆరూ ముందు తీసుకున్నవాడు గెలిచినట్టు. ఎదుటివాడి కార్డు ఎదుటివాడి దగ్గరే ఉంటుంది.

జూన్ 1, ఆదివారం, రాత్రి

తెల్లవారకముందే టెక్కలి వెళ్ళి బస్సెక్కాను. టోర్నీ ఒక కెఫే మేడ మీద. పొడుగాటి బల్లలు, ఏసీ, పాతికమంది దాకా. కాలేజీ కుర్రాళ్ళు, ఒక డాక్టరు గారు, తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలు. ముందు డెక్ లిస్టు రాసి ఇవ్వాలి, కార్డులు సరిచూస్తారు. ఒక పిల్లాడి డెక్‌లో రెండు నకిలీలు దొరికితే నిర్వాహకుడు తన పెట్టెలోంచి అసలువి అరువిచ్చాడు. వెనక్కి పంపలేదు. ఆ పద్ధతి బాగుంది.

స్విస్ రౌండ్లు. మన ఊరి వాలీబాల్ పోటీల్లా ఓడితే ఇంటికి పోవడం ఉండదు. గెలుపుకి మూడు పాయింట్లు, డ్రాకి ఒకటి. ప్రతి రౌండ్‌లోనూ వీలైనంతవరకు తనంత పాయింట్లున్నవాడితోనే జత. ఓడినవాడికి ఓడినవాడే దొరుకుతాడు, సాయంత్రం దాకా అందరూ ఆడతారు.

ఒక ఆట మాత్రం ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఎదురుగా పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ వెనక కుర్చీలో. డ్రాగాపల్ట్ ఈఎక్స్ డెక్. దాని ప్రాణం 320. దాని దెబ్బ ముందున్నదానికి 200, ఆపైన వెనక బెంచీ మీదున్నవాటికి ఇష్టమొచ్చినట్టు పంచడానికి ఇంకో 60. నా చారిజార్డ్ దెబ్బ 180, ఎదుటివాళ్ళు తీసుకున్న ఒక్కో ప్రైజుకీ 30 చొప్పున పెరుగుతుంది. మనం ఓడుతున్నకొద్దీ దానికి బలం.

ఆ పిల్ల నాలుగు ప్రైజులు తీసేసుకుంది. నా చారిజార్డ్‌ని 200 కొట్టింది, 130 మిగిలింది. బెంచీ మీద పది పాయింట్ల ప్రాణంతో ఒక చార్మాండర్. చేతిలో ఉన్న ఆ 60లో పది దాని మీద వేస్తే ఐదో ప్రైజు ఆమెది. చార్మాండర్ వైపు చూసింది. నా ముఖం వైపు చూసింది. మొత్తం 60 తీసుకెళ్ళి పక్కనున్న పిడ్జియట్ మీద పెట్టింది.

నా వంతు. 180కి నాలుగు ముప్పైలు కలిపితే 300. డ్రాగాపల్ట్‌కి ఇంకా 20 మిగులుతుంది. వెనకబడ్డవాడికి 30 కలిపే డిఫయన్స్ బ్యాండ్ నా లిస్టులో ఒక్కటే, అది ప్రైజుల్లో చిక్కుకుందని మొదటిసారి డెక్ వెతికినప్పుడే తెలిసింది. బాసెస్ ఆర్డర్స్‌తో ఆమె బెంచీ మీదున్న చిన్నదాన్ని ముందుకి లాగి కొట్టొచ్చు, కానీ డ్రాగాపల్ట్ చెక్కుచెదరదు. 300 కొట్టాను. మరుసటి దెబ్బకి చారిజార్డ్ పడింది, ఈఎక్స్ కాబట్టి రెండు ప్రైజులు, ఆట అయిపోయింది.

కార్డులు సర్దుకుంటూ అడిగాను, చార్మాండర్‌ని ఎందుకు వదిలేశావమ్మా అని.

"ఐదోది తీసుకుంటే మీది 330 కొడుతుంది కదా అన్నయ్యా. నాది పోతుంది."

"నా దగ్గర బ్యాండ్ ఉండుంటే?"

"ఉంటే ఈపాటికి పెట్టేసేవారు."

చేతికందిన ప్రైజుని వద్దనుకోవడం! ఇదే టీలు పోయించే ఆటలో అయితే నేను మాత్రం తీసేసుకునేవాణ్ణి. ఇంకా చెప్పాలంటే బుజ్జిగాడూ, వాడి పికాచూ పట్టుకుపోయినవాడూ కూడా.

గెలుపులు, ఓటములు సమానంగా ముగించాను. ఒక ప్యాకెట్ ఇచ్చారు.

జూన్ 2, సోమవారం

రాత్రి రాయని సంగతి ఒకటుంది. టోర్నీ అయ్యాక కౌంటరు దగ్గర గుమిగూడారు. రోజంతా ఒక్కో కార్డుకి నిమిషం ఆలోచించినవాళ్ళు ప్యాకెట్ మీద ప్యాకెట్ కొని చింపుతున్నారు. పది కార్డులు గబగబా వెనక్కి తోసి చివరి మెరుపు కార్డు చూడ్డం, ముఖం మాడ్చుకోవడం, ఇంకోటి కొనడం. వందల రూపాయలు అలా పోయాయి. అక్కడ గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు, లెక్క కట్టడానికీ ఏమీ లేదు. సుప్రీంకోర్టు మూడు ముక్కలాటని ఎందుకు విడదీసి చెప్పిందో ఆ కౌంటరు దగ్గర అర్థమైంది. మా అమ్మ భయపడాల్సిన జూదం బల్ల మీద లేదు, ప్యాకెట్‌లో ఉంది. బుజ్జిగాడి పది రూపాయల ప్యాకెట్‌లో కూడా.

విడి కార్డుల పెట్టె పక్కనే ఉంది. కావలసినదాన్ని చూసి, ధర చూసి కొనుక్కోవచ్చు. దాని దగ్గర ఇద్దరే ఉన్నారు. అందులో ఒకరు ఆ డ్రాగాపల్ట్ పిల్ల.

నాకిచ్చిన ప్యాకెట్ బుజ్జిగాడికి ఇచ్చాను. నా ముందే చింపాడు. పికాచూ రాలేదు.

జూన్ 8, ఆదివారం

తోపులో మా టోర్నీ. ఎనిమిదిమంది గుంటలు. అన్నీ నకిలీ కార్డులే. అంకెలు అడ్డదిడ్డంగా ఉన్నవి పక్కనపెట్టి, మిగిలినవి అందరికీ సమంగా పంచాం. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి ఎనర్జీ కార్డులు చేశాం. దెబ్బల లెక్కకి చింతపిక్కలు. స్విస్ పద్ధతే, ఎవరినీ బయటికి పంపడం లేదు. నియమం ఒక్కటే. ఆట అయ్యాక ఎవరి కార్డు వాళ్ళదే.

మొదటి రౌండ్‌లో గోల. గెలిచి కూడా కార్డు రాకపోతే ఇదేం ఆటని ఇద్దరు లేచిపోయారు, కాసేపటికి వాళ్ళే వచ్చి కూర్చున్నారు. మూడో రౌండ్‌కి మాత్రం నోళ్ళు మూతపడ్డాయి. పికాచూ పట్టుకుపోయినవాడు తన వంతు వస్తే చటుక్కున కొట్టడం మానేసి, పిక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు.

రమ్మీ ఆపి నాన్న వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, "ఆ మూలోడు మూడు ముక్కలు దాచుకుంతన్నాడు సూడు, తర్వాతికి" అన్నాడు. నిజమే, దాచుకుంటున్నాడు. నాన్న వెళ్ళిపోలేదు, పడవ అంచు మీద కూర్చున్నాడు.

నా డెక్‌లో రెండో డిఫయన్స్ బ్యాండ్‌కి చోటు చేయాలి. ఒక్కటే ఉంటే పదింట ఒకసారి ప్రైజుల్లో చిక్కుతుంది, రెండుంటే రెండూ చిక్కడం నూటికి ఒకసారి కూడా ఉండదు. అరవైలో ఏది తీయాలో తేలడం లేదు. పిడ్జియట్ తీసెయ్ మామా, అది ఎగరడం తప్ప ఏం చేస్తుంది అంటున్నాడు బుజ్జిగాడు. ప్రతి వంతులోనూ కావలసిన కార్డు వెతికి తెచ్చేది అదే. సెలవులు అయ్యేలోగా ఆ ఒక్కటైనా వాడికి ఎక్కించి పంపాలి.