కోడి ఈక గాలం, కొర్రమీను కోపం

ఈ గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల గురించే రాస్తాం కదా, ఈసారి చేపల గురించి రాస్తున్నాం. పోస్టు పొడుగ్గా ఉంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేం ముగ్గురం. ముదిగుబ్బ మండలం తాండాల పిల్లోళ్లం. అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. "ముదిగుబ్బలో చేపలేందిరా, తాగేదానికే నీళ్లు లేవు" అని రూంమేట్లు నవ్వుతారు. నిజమే, మా పక్క ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కానీ వాన దిగిన ఏడు చెరువులు నిండుతాయి. చెరువు నిండితే కొర్రమీను, జిలేబీ, మార్పు అన్నీ దొరుకుతాయి.

పోయినేడు హాస్టల్లో రాత్రిపూట ఫోన్లో అమెరికా వాళ్ల చేపల వీడియోలు చూసే పిచ్చి పట్టింది మాకు. అక్కడ క్రాపీ అని ఒక చేప ఉంటుంది. అరచేతికి కొంచెం పెద్దది. దానికోసం వాళ్లు వానపాము గుచ్చరు. జిగ్ అంటారు, ఒకటి రెండు గ్రాముల సీసం గుండు తలగా ఉన్న చిన్న గాలం. దానికి ఈకలో, రబ్బరు తోకో కడతారు. నీళ్లలో అది చిన్న చేపపిల్ల మాదిరి ఊగుతుంది. ఇంకేం, తలా ₹100 వేసుకుని ఆన్‌లైన్‌లో రబ్బరు చేపపిల్లల ప్యాకెట్టు, ఒక రబ్బరు కప్ప తెప్పించినాం.

దసరా సెలవులకు కదిరి బస్సెక్కి ఇంటికి పోయినాం. మా తాండా దగ్గరి చెరువు చేపల సొసైటీ లీజులో ఉంది. కావలి ఆయన్ని అడిగితే "ఇంటి కూరకైతే గాలం వేసుకోండి నాయనా, వల మాత్రం దించొద్దు" అన్నాడు. అడగకుండా దిగి తిట్లు తినేకంటే అడగడం మేలు.

మొదటి రోజు ఒక్క చేపా పడలేదు. మాలో ఒకరి తాత గట్టు మీద కూర్చుని చూస్తాన్నాడు. సాయంత్రం దగ్గరికొచ్చి మా ప్యాకెట్టు చూసి, "ఇంత పొడుగుది జిలేబీ నోట్లో ఎట్ల పడుతుందిరా? మీ చెరువు ఏ రంగులో ఉందో చూసినారా?" అన్నాడు. చూడలేదు. కొత్త నీళ్లు ఎర్రమట్టితో కలిసి టీ మాదిరి ఉన్నాయి. మేం వేసింది మట్టి రంగు రబ్బరు. చేపకు కనపడితే కదా!

రెండో రోజు మేమే కట్టుకున్నాం. చిన్న గాలం, తెల్ల కోడి మెడ ఈకలు రెండు, ధర్మవరం మగ్గాల దగ్గర పారేసే పట్టుదారం ముక్క, మెరుపుకు ఒక జరీ పోగు. మొత్తం గోరంత. నేర్చుకున్నది చెప్తాం. నీళ్లు ఎర్రగా ఉంటే తెలుపు, పసుపు, లేదంటే మసక నీళ్లలో నీడలా కనపడే నలుపు. నీళ్లు తేటపడితే వెండి రంగు, బూడిద రంగు. బెండు కట్టి అడుగున్నర లోతులో వదలాలి. గబగబా లాగితే చేప రాదు. కొంచెం లాగి, ఆపి, మళ్లీ లాగితే ఆపినప్పుడే పడుతుంది. సీసం గుండును పళ్లతో కొరకొద్దు, అది విషం. ఆ రోజు జిలేబీలు పదకొండు పడినాయి. మూడిళ్లకూ కూర అయింది.

మూడో రోజు సంగతి రాయడానికే ఈ పోస్టు.

తుంగ పక్కన నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా కదులుతాంది. కొర్రమీను పిల్లలు, వందల్లో. గాలి కోసం అన్నీ ఒక్కసారే పైకొచ్చి దిగుతాన్నాయి. కింద పెద్ద చేప ఉంటుందని మాకు తెలుసు. రబ్బరు కప్పను ఆ పిల్లల మీదుగా గెంతించినాం. రెండోసారికే దబ్బుమని కొట్టింది. కిలోన్నర పైనే ఉంటుంది. అరుపులు, ఫొటోలు, స్టేటస్‌లు.

తాత ఫొటో చూళ్లేదు. నీళ్లకెల్లి చూపించినాడు. ఎర్ర గుంపు చెదిరిపోయింది. చిన్న చిన్న చేపలొచ్చి పిల్లల్ని మింగుతాన్నాయి. తాత మన గోర్ బోలీలో ఒక మాట అన్నాడు, దాన్ని తెలుగులో రాస్తున్నాం: "అది ఆకలికి కరవలేదురా. పిల్లల జోలికి కప్ప వచ్చిందని కోపంతో కరిచింది."

మాలో ఒకరు జువాలజీ. హాస్టల్‌కొచ్చినాక పుస్తకాలు తిరగేస్తే తాత మాటే ఉంది. కొర్రమీను గుడ్లు నీళ్ల మీద తేలతాయి, పిల్లలు పెద్దయ్యే దాకా తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. జిలేబీ తల్లి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, అన్ని రోజులూ దాదాపు తిండి మానేస్తుంది, అందుకే ఎరకు అంతగా రాదు. ఆ క్రాపీ కూడా అంతే, గుడ్ల దగ్గర మగచేప కాపలా ఉండి దగ్గరికొచ్చినదాన్నల్లా కొడుతుంది. ఆ కాలంలోనే సులభంగా పడుతుందని వీడియోలో చెప్తే మేం తెలివి అనుకున్నాం. అక్కడ రోజుకు ఇన్నే పట్టాలని లెక్కలున్నాయి. మనకు ఆ లెక్క చెప్పింది తాతలే.

ఆ రాత్రి కూర ఎవరికీ సయించలేదు. కారణం మీకు చెప్పాల్సిన పని లేదు. మా ముగ్గురి ఇళ్లల్లోనూ పంట పోయిన ఏడు అమ్మానాయనా బెంగళూరు పనికి పోయినారు. మేం అవ్వల దగ్గర పెరిగినోళ్లం. పెద్దదిక్కు లేని గుంపు ఎట్లుంటుందో మాకు తెలుసు.

ఇప్పుడు మేం పెట్టుకున్నవి మూడే. ఎర్ర గుంపు కనపడితే గాలం చుట్టేసి ఇంకో రేవుకు పోతాం. చిన్న చేపను తడి చేత్తో పట్టి వదిలేస్తాం. కూరకు సరిపడితే లేస్తాం. మొన్న సెలవుల్లో మళ్లీ ఒక గుంపు కనపడింది. రబ్బరు కప్ప జేబులోనే ఉంది, తీయలేదు. తాత చూసినాడు, ఏమీ అనలేదు, బీడీ ముట్టించుకున్నాడు.

నల్లమల పక్క చెంచు అన్నలు, గోదావరి పక్క కోయ, కొండరెడ్డి తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ దగ్గర గాలానికి ఏం కడతారు? ఏ చేపను ఏ నెలలో పట్టొద్దని మీ పెద్దోళ్లు చెప్తారు? కింద రాయండి. తెలియకపోతే ఈ సెలవుల్లో అడిగి రాయండి. మేం వీడియోల్లో వెతికింది మా చెరువు గట్టు మీదే కూర్చుని ఉన్నింది.