పై అట్టలు

మే 4, 2025, ఆదివారం

కోడలికి అలమర కావాలి. బడులు తెరిచేలోపు పిల్లల పుస్తకాలు సర్దుకోవాలట. అందులో ఉన్నదంతా నా పాటల క్యాసెట్ల షాపు మూసినప్పుడు మిగిలిపోయిన సరుకు. క్యాసెట్లు ఎప్పుడో పోయాయి, సీడీలు మిగిలాయి. "సీడీలు ఉండనీండి మావయ్యా, ఆ పై అట్టలు తీసేస్తే శానా చోటు మిగులుద్ది" అంది. అడిగిన దాంట్లో అన్యాయమేమీ లేదు. ప్లాస్టిక్ డబ్బా ఒక సెంటీమీటరు మందం, దానికి అట్ట తొడిగితే ఇంకో రెండు మిల్లీమీటర్లు. ఒక్కదానికి ఎంతని! అర నిండేసరికి తెలుస్తుంది. అసలు చోటు మింగేవి సెట్ల పెట్టెలు. ఘంటసాల ఐదు సీడీల పెట్టె చూడ్డానికి ఘనంగా ఉంటుంది, తెరిస్తే సగం గాలే.

అయినా వెంటనే సరే అనలేకపోయాను. ఒక్కొక్కటీ తీసి చూసి చెప్తానన్నాను. మా ఆవిడ నవ్వింది. "ఇంకేం, దసరాకి ఖాళీ అవుద్దిలే" అంది కోడలితో.

మే 6, మంగళవారం

పొద్దున నీళ్ళ ట్యాంకరు వచ్చి వెళ్ళాక కూర్చున్నాను. మొదటి అరలో అన్నీ సినిమా పాటలే.

పై అట్ట పుట్టిందే కొట్టువాడి కోసం. అమెరికాలో మొదట్లో సీడీని అడుగు పొడవు అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు. డిస్కు చూస్తే పన్నెండు సెంటీమీటర్లే. కొట్లలో అరలన్నీ ఎల్‌పీ రికార్డుల కొలతకి చేయించినవి, వాటిని మార్చకుండా నడుపుకోవాలి. పైగా చిన్న డబ్బా అయితే జేబులో వేసుకుపోతారని భయం. కొన్నవాడు ఇంటికెళ్ళి పెట్టె చించి చెత్తబుట్టలో వేసేవాడు. ఇంత అట్ట దండగని గొడవ పెరిగి 1993లో ఆపేశారు. ఇప్పుడు ఆ పొడుగు పెట్టెల్ని సేకర్తలు వెతికి వెతికి కొంటున్నారు. జపాన్ వాళ్ళ డబ్బాలకి అంచున కాగితపు పట్టీ ఒకటి ఉంటుంది, ఓబీ అంటారు. అది లేకపోతే పాత సీడీకి ధర పడిపోతుంది. పారేసేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ దాచినవాడి అట్టకి విలువ. ఆ లెక్కన అందరూ దాచి ఉంటే ఎవరికీ పైసా వచ్చేది కాదు.

నా కొట్లో దాని పని వేరు. డిస్కులు సొరుగులో, ఖాళీ అట్టలు అద్దంలో. దొంగతనం భయం లేదు, బస్సు దిగినవాళ్ళకి కొత్త సినిమా బొమ్మ కనపడుద్ది. అయితే మాది పడమటి మొహం కొట్టు. ఎండకి ఎరుపూ పసుపూ ముందు ఎగిరిపోయేవి, నీలం ఒక్కటే నిలబడేది. ఎండాకాలం గడిచేసరికి హీరోయిన్లందరూ కృష్ణుడి రంగుకి తిరిగేవాళ్ళు. ఆ నీలిబొమ్మలన్నీ ఇవాళ మంచం మీద పరిచాను. పాటలు, పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, సంగీతం... వీటి మీద ఉన్నదంతా లోపలి కార్డు మీదా ఉంది. ఒక్క అక్షరం ఎక్కువ లేదు. వీటిని ఉంచడానికి నా దగ్గర కారణం లేదు, ఇష్టం తప్ప. ఇష్టానికి అర ఇవ్వమని కోడల్ని అడగలేను.

మే 11, ఆదివారం

కింది అర వెనక చెద పట్టింది. నల్లమల పక్కన కాపురం ఉంటూ చెదని తిట్టడం దండగ. చెద కనిపించని చోట రామబాణం పురుగు కనిపించింది, అట్ట మడతల్లో జిగురు ఉన్నచోటల్లా గీరి తినేసింది. ప్లాస్టిక్ డబ్బాల జోలికి రెండూ పోలేదు. అంటే పై అట్ట లేకపోతే ఈ అరలోకి వాటికి పిలుపే లేదు.

అట్ట ఉంటే డిస్కు భద్రం అనేవాడు నాకు సరుకేసే మార్కాపురం ఏజెంటు. నేను ఒప్పుకోను. డిస్కుని కాపాడేది డబ్బా. అట్ట కాపాడేది ఆ డబ్బా నునుపుని, అంతే. నిజంగా డిస్కు పాడయ్యేది బొమ్మ వేసిన వైపు నుంచే. అటు అల్యూమినియం పొర మీద సన్నటి లక్క పూత ఒక్కటే అడ్డం. కింద మెరిసే వైపు మిల్లీమీటరుకి పైగా ప్లాస్టిక్ ఉంటుంది. జనం మాత్రం మెరిసే వైపునే పంచెతో తుడిచి తుడిచి చూసుకునేవాళ్ళు.

కాగితం కాపాడకపోగా చెరిపిన ఉదంతం కూడా ఉంది. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ అనే ఊళ్ళో ఫిలిప్స్, డ్యూపాంట్ కలిసి నడిపిన ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 దాకా తయారైన డిస్కులు కొన్ని కంచు రంగుకి తిరిగి మూగబోయాయి. పైన పూసిన పూత గంధకాన్ని ఆపలేకపోయింది. ఆ గంధకం డబ్బాలో పెట్టిన కాగితాల్లోంచే వచ్చింది. మన డిస్కులకి అట్లా జరిగిందని కాదు. అట్టంటే కవచం అనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియాలని.

చెద మందు కొట్టించాను. వాసనకి రాత్రి ఆరుబయటే పడక.

మే 18, ఆదివారం

ఇవాళ పద్యనాటకాల అర. ఇక్కడ నా చెయ్యి ఆగింది.

సత్యహరిశ్చంద్ర కాటిసీను సీడీ. లోపలి కార్డు మీద రచన బలిజేపల్లి లక్ష్మీకాంతం అని వేశారు. నాటకం ఆయనదే, సందేహం లేదు. కానీ కాటిసీనులో జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాలు చాలావరకు కవి జాషువావి, ఆయన 'శ్మశానవాటి' ఖండికలోవి. ఆయన 1895లో పుట్టింది మన పొరుగున వినుకొండలోనే. తిరునాళ్ళలో తెల్లవార్లూ ఆ పద్యాలు విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో అవి ఎవరివో తెలియనివాళ్ళు ఎంతమందో! ఆ సీడీ పై అట్ట వెనక మాత్రం, కింద మూలన, చిన్న అక్షరాల్లో జాషువా పేరుంది. డిస్కు మీద లేదు, కార్డు మీద లేదు. అట్ట అచ్చు వేయించినవాడు ఎవరో తెలిసినవాడు.

1984లో కాపీరైటు చట్టంలో 52ఏ అని ఒక సెక్షను చేర్చారు. రికార్డింగు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు వివరం, మొదట వెలువడిన సంవత్సరం రికార్డింగు మీదా దాని డబ్బా మీదా ఉండాలని. కొట్లో దొంగసరుకు పట్టుకునేందుకు వచ్చేవాళ్ళు ముందు చూసేది అదే. హార్మోనియం వాయించింది ఎవరు, నక్షత్రకుడు ఎవరు, ఫలానా పద్యం ఎవరిది అని ఆ సెక్షను అడగదు. ఎవరికైనా పట్టి వేస్తేనే ఆ పేర్లు ఉంటాయి. సినిమాకి ఎన్నోచోట్ల దొరుకుతాయి ఆ పేర్లు. నాటకానికి ఈ అట్ట తప్ప ఇంకెక్కడ వెతకాలి?

కాబట్టి లెక్క ఇట్లా పెట్టుకున్నాను. లోపల లేనిది ఏదైనా పైన ఉంటే ఆ అట్ట ఉంటుంది. సెట్టు పెట్టెలు కూడా ఇదే తక్కెడలో. ఘంటసాల పెట్టె మీద ఉన్న జాబితా ఏ డబ్బాలోనూ పూర్తిగా లేదు, అందుకని జాబితా ఉన్న వైపు కోసి ఉంచుతాను, మిగతా పెట్టె పోతుంది. సేకర్తలు వింటే నన్ను కొడతారు. కొట్టనీ, వాళ్ళకి కోడళ్ళు అలమరలు అడిగి ఉండరు.

మే 27, మంగళవారం

రోహిణి ఎండ. మధ్యాహ్నం త్రిపురాంతకం నుంచి నాటకాలాయన వచ్చాడు, హరిశ్చంద్ర వేస్తాడు. ఒకప్పుడు నా దగ్గర అరువు ఖాతా. కాటిసీను సీడీ సంగతి ఎవరో చెప్పారట. ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సీడీ నాకెందుకన్నా, ఇంట్లో ప్లేయరు యాడుంది? పాట ఫోన్లో ఇంటున్నా. ఆ అట్ట చూపియ్యి."

చూపించాను. అద్దాలు పైకెత్తి, మళ్ళీ దించి, మూలన ఉన్న పేరు చదివాడు. వచ్చే నాటకంలో పద్యం ఎత్తుకునే ముందు మైకులో జాషువా పేరు చెప్తానన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు వద్దంటూనే ఉన్నారట, రుజువు లేదని. తరువాత మెల్లిగా, "ఇది నాకిచ్చెయ్యరాదా అన్నా, డిస్కు నువ్వే ఉంచుకో" అన్నాడు.

ఇవ్వలేదు. ఫొటో తీసుకోమన్నాను. ముందు బొమ్మ ఒక్కటీ తీసి ఫోను జేబులో పెట్టుకోబోతుంటే ఆపి, వెనక వైపు తీయించాను.