జాకీని నమ్మని మేస్త్రి

విజయవాడ ఆటోనగర్‌లో నేను వెళ్ళిన టైర్ల షెడ్డు ముందు బియ్యం లోడుతో ఓ ఆరు చక్రాల లారీ ఆగి ఉంది. వెనక ఎడమవైపు జంట టైర్లలో లోపలిది పంక్చరు. అంటే బయటిదీ ఊడదీయాల్సిందే.

మేస్త్రి వెంటనే జాకీ జోలికి పోలేదు. హ్యాండ్ బ్రేకు వేయించి, డ్రైవర్ని దింపి, తాళం తన జేబులో వేసుకున్నాడు. కుర్రాడు ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మలు బిగించాడు. ఎత్తేది వెనక కదా అన్నాను. "హ్యాండ్ బ్రేకు పట్టేదీ వెనక చక్రాల్నేనండీ. వాటిల్లో సగం గాల్లో ఉంటే ఆ పట్టునేం నమ్ముతాం?" అన్నాడు.

తర్వాత రెండు టైర్ల వాల్వులూ విప్పి ఉన్న గాలంతా తీసేశారు. రిమ్ము ఎక్కడైనా చిట్లి ఉంటే, నట్లు వదులవగానే గాలి ఒత్తిడికి లాక్ రింగు ఎగిరొచ్చి మనిషిని కొడుతుందట. నట్లు కూడా చక్రం నేలమీద ఉండగానే వదులు చేశారు. పానాకు గొట్టం తొడిగి కుర్రాడు దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఆ కుదుపు జాకీ మీదున్న బండికి తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అప్పుడొచ్చింది 20 టన్నుల జాకీ. దాని కింద మందపాటి చెక్క పలక. ఎండకు మెత్తబడిన తారులో జాకీ దిగబడుతుందని. ఇటుకలు పెట్టకూడదా అంటే మేస్త్రి నవ్వాడు: "చెక్కయితే కిర్రుమని ముందే చెబుతుంది. ఇటుక చెప్పకుండా పగులుతుంది."

2018లో పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్ల ఇరుసు మీద 11.5 టన్నుల దాకా మోయొచ్చు. ఒక పక్కకు అయిదుముప్పావు. జాకీకి అదేమంత బరువు కాదు. కానీ ఆ బరువునంతా నిలబెట్టేది లోపలి నూనె, దాన్ని పట్టి ఉంచే చిన్న సీలు. సీలు పోతే బండి కిందికి దిగుతుంది; జాకీ ఒరిగితే ఒక్కసారే పడుతుంది. అందుకే కమాన్ పట్టీల పక్కన హౌసింగు కింద జాకీ పెట్టి ఎత్తాక, దాని సరసనే ఇనుప స్టాండు జరిపాడు. జాకీ వాల్వు కొంచెం తిప్పి బరువంతా స్టాండు మీదికి దించాడు. అది కుదురుకున్నాకే నట్లు పూర్తిగా ఊడాయి.

హైవే మీద ఈ వసతి ఉండదు. అక్కడ నేనడిగిన డ్రైవర్లలో ఒక్కరి దగ్గరా స్టాండు లేదు. అందరి దగ్గరా జాకీ ఉంది. కొందరు స్టెప్నీని ఛాసిస్ కిందికి తోసి పెడతారు. ఏమీ లేనిదానికన్నా నయమే గానీ, లక్షలు పోసి కొన్న బండిలో ఓ జత స్టాండ్లకు చోటు లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

పంక్చరు పని తొందరగానే అయిపోయింది. గాలి మాత్రం ఇనుప బోనులో పెట్టే కొట్టారు. చక్రాలెక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక మళ్ళీ గట్టిగా బిగించారు.

"యాభై కిలోమీటర్లు పోయాక నట్లు ఇంకోసారి చూసుకో అన్నా" అన్నాడు మేస్త్రి, తాళం ఇస్తూ.

"నందిగామలో టీకి ఆగుతాగా, అక్కడ చూస్తాలే" అన్నాడు డ్రైవరు.