శక్కర్‌నగర్: పిప్పి కూడా వృథా పోని ఊరు

నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో నిజామాబాద్ జిల్లా బోధన్‌ను ఆనుకొని ఏర్పడింది. దాని చుట్టూ పెరిగిన కాలనీయే శక్కర్‌నగర్. శక్కర్ అంటే చక్కెర, సరుకు పేరే ఊరి పేరైంది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరున్న ఈ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.

ఫ్యాక్టరీకి ముందు ఇక్కడికి నీళ్లు వచ్చాయి. మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ పారాక కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వర్ని, బోధన్ చుట్టుపక్కల వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు.

కోసిన చెరకు నిలవ ఉంటే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే చక్కెర మిల్లు పొలాల నడుమే ఉండాలి. సీజన్‌లో క్రషింగ్ రాత్రింబవళ్లు ఆగదు. సుమారుగా చెప్పాలంటే, నూరు టన్నుల చెరకు ఆడితే పది టన్నుల చక్కెర దిగుతుంది, ముప్పై టన్నుల దాకా తడి పిప్పి మిగులుతుంది. ఆ పిప్పే బాయిలర్‌కు మేత. దాన్ని కాల్చి పుట్టించిన ఆవిరి చెరకును పిండే రోలర్లను తిప్పుతుంది, అదే ఆవిరి రసాన్ని కాచి చిక్కబరుస్తుంది. చెరకు తనను తానే వండుకుంటుందన్న మాట! రసాన్ని తేర్చినప్పుడు దిగే మడ్డి ఎరువుగా మళ్లీ చేలకే చేరుతుంది. గడ్డకట్టని నల్లటి మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది, శక్కర్‌నగర్‌లో అదీ ఉండేది. సుస్థిరత అన్న మాట ఇంకా వాడుకలోకి రాని రోజుల్లోనే ఈ పద్ధతి ఉంది, ఎంతో మెచ్చదగిన పద్ధతి. అయితే దాని వల్ల పడే భారాన్నీ దాచకూడదు. చెరకు ఏడాది పొడవునా నీరు తాగే పంట, డిస్టిలరీ వదిలే మురుగు శుద్ధి చేయకపోతే నేలనూ నీటినీ పాడుచేస్తుంది.

మూతపడిన పరిశ్రమను కాపాడుకోవడం వేరే చోట సాధ్యమైంది. జర్మనీలో ఎసెన్ నగరంలోని త్సోల్‌ఫరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది. దాన్ని కూల్చకుండా కాపాడారు. 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. బొగ్గు కడిగిన భవనంలోనే ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది. ఆ ఎసెన్ 2017లో యూరప్ హరిత రాజధానిగా నిలిచింది. బోధన్ యంత్రాలకూ అంతటి చరిత్ర ఉంది. అవి తిరగాలి, లేదా వాటిని భద్రపరచాలి. తుప్పుకు వదిలేయడం మాత్రం తగదు.

2002లో ఫ్యాక్టరీ ప్రభుత్వ, ప్రైవేటు ఉమ్మడి సంస్థ చేతికి వెళ్లింది. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ అందులో చేరాయి, 2015లో అవీ ఆగిపోయాయి. మళ్లీ తెరిపించే దారి చూడమని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఒక కమిటీని వేసింది.

నిజాంసాగర్ కాలువ కింద ఇప్పుడు చెరకు బదులు ఎటు చూసినా వరే. యంత్రాలు బాగుచేసినంత మాత్రాన క్రషింగ్ మొదలు కాదు. కొత్తగా నాటిన చెరకు కోతకు రావడానికి పది, పన్నెండు నెలలు పడుతుంది. అంటే మిల్లు తిరిగే సీజన్‌కు ఏడాది ముందే, గిట్టుబాటు ధర మీదా చెల్లింపుల మీదా రైతుకు భరోసా దొరకాలి. మొదటి తోట కొట్టాక మోళ్ల నుంచి మళ్లీ పెరిగే కార్శి తోటకు నాటే ఖర్చు ఉండదు కాబట్టి, ఒకసారి చెరకులోకి దిగిన రైతు రెండు మూడేళ్లు ఆ మిల్లుకే కట్టుబడి ఉంటాడు.